పూర్వపక్షం లేని చదువు: నడిగడ్డ సాక్ష్యంగా వివేచన క్షీణత కారణాల విచారణ

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో కొంతకాలంగా ఒకే వాక్యం తిరుగుతున్నది: విద్యార్థులలో ఆలోచనాశక్తి తగ్గిపోయింది. సదస్సుల ప్రారంభోపన్యాసాలలో, మౌఖిక పరీక్షలు ముగిశాక జరిగే సంభాషణలలో, జవాబుపత్రాలు దిద్దే శిబిరాలలో ఈ మాట దాదాపు మార్పు లేకుండా వినిపిస్తుంది. దాని వెనుకే కారణం కూడా సిద్ధంగా ఉంటుంది: చేతిలో సెల్‌ఫోను. ఆ మాటతో విచారణ ముగుస్తుంది. తగ్గిందని ఎట్లా నిర్ణయించారు, ఎవరిని ఎవరితో పోల్చారు, ఫోను రాకముందు వీరి తల్లిదండ్రులు ఏ ప్రశ్నలు అడిగేవారు, అసలు అడగడానికి వారికి తరగతి గది దొరికిందా అన్న ప్రశ్నలు రావు. ఆలోచన తగ్గిందని బాధపడే వాక్యమే ఆలోచన లేకుండా ప్రచారంలో ఉండడం ఈ విషయంలోని మొదటి వైరుధ్యం.

పోలికలో దోషం స్పష్టమే. యాభై ఏళ్ల కిందట ఎం.ఏ. తెలుగు తరగతిలో కూర్చున్నవారు అప్పటికే అనేక వడపోతలు దాటి వచ్చిన కొద్దిమంది. ఇంట్లో పుస్తకం, ఊళ్లో పలుకుబడి, కులంలో చదువు ఉన్నవారే అధికం. ఈనాటి తరగతిలో సగానికి పైగా తమ ఇంట మొదటిసారి పట్టభద్రులైనవారు ఉండే శాఖలు తెలంగాణలో అరుదు కావు. ఆ కొద్దిమందిని ఈ అనేకులతో పోల్చి క్షీణతను నిర్ధారించడం తర్కశాస్త్రం మొదటి పాఠంలోనే తప్పవుతుంది. క్షీణత లేదని దీని అర్థం కాదు. ఉంది. అయితే అది విద్యార్థి తలలో వెతికితే దొరకదు. ప్రశ్నకు సమాజంలో, పాఠశాలలో, పరీక్షలో, పరిశోధనలో ఉండిన చోటు కుదించుకుపోయింది. ఆ కుదింపుకు పేర్లు, తేదీలు, లబ్ధిదారులు ఉన్నారు.

‘విమర్శనాత్మక ఆలోచన’ అన్న సమాసం ఇంగ్లీషు నుంచి వచ్చింది గాని, దాని పని ఈ నేలకు కొత్తది కాదు. శాస్త్రగ్రంథాలలో పూర్వపక్షం లేకుండా సిద్ధాంతం లేదు. ప్రతివాది మాటను అతడే ఒప్పుకునేంత బలంగా ముందు చెప్పి, ఆ తరువాతే దానిని ఖండించాలి. ఈ పద్ధతిలో గమనించవలసిన అంశం, వివేచన ఒంటరి మనిషి మేధాసంపత్తి మాత్రమే కాకపోవడం. దానికి ఎదురుమాట చెప్పే మనిషి కావాలి, ఆ మాట వినే సభ కావాలి, ఓడినా బతుకుదెరువు పోదన్న భరోసా కావాలి. వీటిలో ఏది తొలగినా తెలివైనవారు కూడా తలూపడం నేర్చుకుంటారు.

పరిసరాల ప్రభావం అన్న మాటను తేలికగా తీసుకోరాదు. నార్వేలో సైనిక సేవకు వచ్చే యువకులకు దశాబ్దాలుగా బుద్ధి పరీక్షలు జరుపుతున్నారు. ఆ ఫలితాలను విశ్లేషించి 2018లో ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1970ల మధ్య వరకు పుట్టినవారిలో పెరుగుతూ వచ్చిన మార్కులు ఆ తరువాత పుట్టినవారిలో తగ్గాయి. ఆ తగ్గుదల ఒకే కుటుంబంలోని అన్నదమ్ముల మధ్య కూడా కనిపించింది. ఒకే తల్లిదండ్రుల బిడ్డల మధ్య కనిపించే తేడాను వంశం మీద వేయలేము. జనాభా కూర్పు మారిందనీ చెప్పలేము. కారణం వారు పెరిగిన పరిసరాలలోనే ఉండాలి. బుద్ధి పరీక్ష మార్కు, వివేచన ఒకటి కావు. అయినా ఈ అధ్యయనం నుంచి తెలుగు అధ్యాపకుడు గ్రహించవలసింది ఒకటుంది: అక్కడివారు ముందు కొలిచారు, తరువాత కారణాలను ఒక్కొక్కటిగా తొలగించారు, ఆ పిమ్మటే మాట్లాడారు.

పరిసరాలంటే కూడా ఫోను ఒక్కటే కాదు. పెట్రోలులో కలిపిన సీసం పిల్లల మెదడుకు చేసే హాని ప్రపంచమంతా అంగీకరించిన సత్యం. భారతదేశంలో సీసం కలిసిన పెట్రోలు 2000లో ఆగింది. అంటే ఈనాడు విశ్వవిద్యాలయాలలో పాఠం చెబుతున్న తరమే ఆ గాలి పీల్చి పెరిగింది; ఈనాటి విద్యార్థులు కాదు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలలో 67 శాతం మంది రక్తహీనులు. ఇనుము చాలని పిల్లవాడికి ఏకాగ్రత నిలవదు. క్షీణత మీద ఇన్ని ప్రారంభోపన్యాసాలు వెలువడుతున్నా, వాటిలో మధ్యాహ్న భోజనంలోని కోడిగుడ్డు ప్రస్తావన ఎక్కడా కనిపించదు. ఫోనును నిందిస్తే తప్పు విద్యార్థిది అవుతుంది. గుడ్డును ప్రస్తావిస్తే తప్పు మరొకరిది అవుతుంది.

పత్తి పువ్వు దగ్గర

ఈ చర్చను గాలిలో నడపకుండా ఒక నేలకు కట్టవలసి ఉంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. 2011 జనాభా లెక్కలను నేటి జోగులాంబ గద్వాల జిల్లా హద్దులకు సరిచూస్తే అక్షరాస్యత 50 శాతానికి లోపే. తెలంగాణ జిల్లాలలో ఇది అట్టడుగు స్థానం. రెండు నదుల మధ్య ఉండి కూడా రాజోలిబండ మళ్లింపు పథకం కింద రావలసిన నీరు చివరి భూములకు ఏనాడూ నిండుగా రాలేదు. ఆయకట్టు 87,500 ఎకరాలని కాగితం మీద ఉంది.

ఈ నేల దేశానికి పత్తి విత్తనం పండించి ఇస్తుంది. సీడు పత్తి సాగు మామూలు పత్తి సాగు వంటిది కాదు. సాయంత్రం ఆడ మొక్క మొగ్గను చీల్చి కేసరాలను గోటితో తీసివేయాలి. మరునాడు ఉదయం మగ మొక్క పువ్వు తెచ్చి దాని పుప్పొడిని ఆ మొగ్గలోని కీలాగ్రానికి అద్దాలి. స్థానికులు దీనిని క్రాసింగు అంటారు. ఒక్కొక్క పువ్వుకూ చేతితో, రోజూ, నెలల తరబడి ఈ పని సాగాలి. బడులు తెరిచిన తరువాతి నెలలే ఈ పని నెలలు. ఈ పనిలోకి బాలలను, అందులోనూ బాలికలను, దించిన సంగతి రెండున్నర దశాబ్దాలుగా అధ్యయనాలకు, ప్రభుత్వ తనిఖీలకు, పత్రికలకు ఎక్కింది. ఇటీవలి ఏళ్లలో వారి సంఖ్య తగ్గినా, ఆ తరం ఇప్పుడు తల్లులై, తండ్రులై బడికి పిల్లలను పంపుతున్నది.

ఇక్కడ వివేచనకు సంబంధించిన అంశం హాజరు పట్టికతో ముగియదు. బాలలను ఎందుకు పెట్టారంటే చెప్పిన కారణం: మొగ్గ సున్నితమైనది, చిన్న వేళ్లు కావాలి. ఈ వాక్యాన్ని ఊరు నమ్మింది, కొనుగోలుదారు నమ్మాడు, నివేదికలు కూడా కొన్నాళ్లు వల్లించాయి. పెద్దల వేళ్లతో అదే పని జరుగుతుందన్నది పొలంలో నిలబడి చూస్తే తెలిసే విషయం. చిన్న వేళ్ల వెనుక ఉన్నది చిన్న కూలి. ఆధారం లేని ఒక వాక్యం లాభానికి అనుకూలంగా ఉన్నప్పుడు ఎంతకాలం ప్రశ్నకు అందకుండా బతుకుతుందో చూపడానికి తర్కపాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. పాఠ్యపుస్తకాలలో మాత్రం ఇది లేదు.

రైతు స్థితి కూడా ఈ చర్చకు బయటిది కాదు. కంపెనీకి, రైతుకు నడుమ ఆర్గనైజరు ఉంటాడు. మూలవిత్తనం, పెట్టుబడి అప్పు, కొనుగోలు ధర అన్నీ అతని ద్వారానే నడుస్తాయి. పండించిన విత్తనం జన్యుశుద్ధి పరీక్షకు దూరప్రాంతానికి వెళుతుంది. ‘ఫెయిలయింది’ అన్న ఒక్క మాట తిరిగి వస్తుంది. ఆ పరీక్షను ఎట్లా చేశారు, ఏ నమూనా తీశారు, మళ్లీ చేయమని అడిగే దారి ఏది అన్నది రైతుల ఎడతెగని ఫిర్యాదు. ఫలితం పై నుంచి రావడం, కారణం చెప్పకపోవడం, అడిగితే మరుసటి ఏడు విత్తనం దొరకదన్న భయం: వీటి మధ్య పెరిగిన పిల్లవాడు డిగ్రీ తరగతిలో చేయెత్తి ప్రశ్న అడగకపోతే, అది ఫోను వల్లనే అనడానికి చాలా ధైర్యం కావాలి.

తెలుగు శాఖలకు ఈ ప్రాంతంతో పరిచయం లేదా అంటే, ఉంది. సంస్థానాల సాహిత్యసేవ మీద సిద్ధాంతగ్రంథాలు వచ్చాయి. జోగులాంబ ఆలయం మీద, నవబ్రహ్మాలయాల మీద వ్యాసాలు వచ్చాయి. పత్తి పువ్వు దగ్గరి పదజాలం మాత్రం ఏ నిఘంటువుకూ ఎక్కలేదు.

ఎదురుమాటకు చోటున్న కాలం

ఇదే నేల ప్రశ్నకు పుట్టినిల్లుగా కూడా ఉండింది. ఆ చరిత్రను పొగడ్త లేకుండా చూడాలి. గద్వాల సంస్థానాన్ని ‘విద్వద్గద్వాల’ అన్నారు. ఏటా పండితులు వచ్చి పరీక్షలిచ్చి, వాదాలు చేసి, వార్షికాలు అందుకొని వెళ్లేవారు. వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలలోనూ పండితపోషణ సాగింది. ఆ సభలలో పూర్వపక్షం బతికి ఉన్నమాట నిజం. ఆ సభలలోకి అడుగుపెట్టే అర్హత ఊరిలో ఎందరికి ఉండిందన్నదీ అంతే నిజమైన ప్రశ్న. పద పరిష్కారంపై తెల్లవార్లు వాదించిన సభ, వెట్టి న్యాయమా అని ఒక పూట వాదించిన దాఖలా చూపలేము. సంస్థానాల స్వర్ణయుగాన్ని గుర్తుచేసుకుని నేటి తరాన్ని తక్కువ చేసే వ్యాసాలు ఈ సగాన్ని వదిలేస్తాయి.

ఆ హద్దు దాటినవారు వేరే ఉన్నారు. అలంపూర్‌కు సమీపంలోని బోరవెల్లిలో 1896లో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి అందులో ముఖ్యులు. తెలంగాణలో కవులు లేరన్న వాక్యం ఒకటి అచ్చయినప్పుడు ఆయన కోపంతో సరిపెట్టుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. 354 మంది కవుల రచనలు అందులో ఉన్నాయి. పూర్వపక్షాన్ని స్వీకరించడం, దానిని పరీక్షకు లొంగే వాక్యంగా చూడడం, ఆధారం పోగుచేయడం, ఆ ఆధారాన్ని అందరూ సరిచూసుకునేట్లు ముద్రించడం: ఖండన అంటే ఇది. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయన కావ్యాలను ఆటల కోసం, తిండి కోసం, దుస్తుల కోసం, పన్నుల కోసం చదివారు. నిఘంటుకారులు ‘క్రీడావిశేషము’, ‘పక్షివిశేషము’ అని దాటవేసినచోట ఆగి, ఊరి జనం వాడే మాటతో అర్థం వెతికారు. నిఘంటువును ప్రశ్నించడానికి ఆయనకు ఊరు సాక్షి అయింది. 1955లో తెలుగుకు వచ్చిన మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ గ్రంథానిదే.

మరొకరు అలంపూర్‌నే కార్యక్షేత్రంగా చేసుకున్న గడియారం రామకృష్ణశర్మ. ఆయన సంప్రదాయ పండితుడు, శాసన పరిశోధకుడు, ‘సుజాత’ పత్రిక సంపాదకుడు. 1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షిక సభలు అలంపూర్‌లో జరగడానికి ఆయన కృషి ప్రధానం. ఆ చిన్న పట్టణానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభలలోనే. శాసనాలు చదివే పండితుడు కట్టిన పందిట్లో విప్లవకవి మాట్లాడడం, ప్రభుత్వాన్ని నిలదీసే కవిత వెలుగు చూడడం ఈనాటి సదస్సులకు ఊహకందని విషయాలు. ఈనాడు సదస్సు అంటే ఒకే అభిప్రాయం గలవారు రెండు రోజులు ఒకరికొకరు శాలువాలు కప్పుకునే కార్యక్రమం. పది నిమిషాల పత్రసమర్పణకు ప్రశ్నల సమయం ఉండదు, భోజనానికి ఆలస్యమవుతుంది.

అలంపూర్ ఆలయాలు మరో పాఠం చెప్పగలవు. తొమ్మిది గుడుల పేర్లలోనూ బ్రహ్మ ఉన్నాడు. లోపల ఉన్నది శివలింగం. ఇనుమును బంగారం చేసే విద్య తెలిసిన రససిద్ధుడు వీటిని కట్టించాడని స్థలపురాణం. బాదామి చాళుక్యుల పాలనలో కట్టారని శాసనాలు, శిల్పశైలి. విజయాదిత్యుని ఆజ్ఞతో ఈశానాచార్యుడు ప్రాకారం కట్టించినట్లు క్రీ.శ. 713 నాటి శాసనం సిద్ధమాతృక లిపిలో ఉంది. తెలుగు నేల మీద ఉత్తరాది లిపి ఎందుకు వచ్చింది, బ్రహ్మ పేరు శివాలయానికి ఎట్లా చేరింది, రసవాద కథ ఏ శైవ సంప్రదాయపు జాడ అన్న ప్రశ్నలు ఎంత మంచివి! నేటి వ్యాసాలలో స్థలపురాణం ఒక పేరాలో, శాసనం మరో పేరాలో పక్కపక్కన కూర్చుంటాయి. అవి ఒకదానితో ఒకటి విభేదిస్తున్నాయన్న సంగతి వ్యాసకర్తకు కనిపించదు, పరిశీలకుడికీ కనిపించదు. స్థలపురాణాన్ని కొట్టిపారేయమని కాదు. అది ఏ కాలంలో, ఎవరి అవసరానికి కూర్చిన పాఠమో అడిగితే అదీ చరిత్రకు ఆధారమే. అడగకపోతే అది కరపత్రం.

శ్రీశైలం జలాశయం నిండేటప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌లో తిరిగి నిలిపారు. అది ప్రశంసనీయం. మునిగిన ఊళ్ల రచ్చకట్టలను అట్లా విప్పి తెచ్చినవారు లేరు. 1981లో ఖాళీ చేయించిన గ్రామాల జనం చెల్లాచెదరైనప్పుడు, ఎదురుమాట చెప్పుకునే చోట్లు కూడా నీటి కిందికి వెళ్లాయి.

బిట్టు రాజ్యం

ఇక పాఠశాల నుంచి విశ్వవిద్యాలయం దాకా ఉన్న దారి. ఇంటర్మీడియట్‌లో తెలుగు విద్యార్థి ద్వితీయభాషగా సంస్కృతం తీసుకుంటాడు. కాళిదాసు మీద ప్రేమతో కాదు, మార్కుల కోసం. జవాబులు సంస్కృతంలో రాయనక్కరలేదు. తెలుగును పదో తరగతి వరకు తప్పనిసరి చేస్తూ 2018లో తెలంగాణ చట్టం తెచ్చింది. వాదించే వయసు మొదలయ్యే చోట ఆ చట్టం ఆగిపోయింది. పదిహేడేళ్ల పిల్లవాడు రెండేళ్లపాటు తన భాషలో ఒక్క అభిప్రాయం రాయకుండా ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతాడు.

ఆ తరువాత పోటీ పరీక్షలు. తెలంగాణ ఉద్యమం తరువాత ఈ ప్రాంత చరిత్ర పాఠ్యాంశమైంది, సంతోషించవలసిందే. అయితే గోలకొండ కవుల సంచిక ఆ పరీక్షలో ఏమైంది? ‘అందులోని కవుల సంఖ్య ఎంత?’ అన్న బిట్టు అయింది. 354 అని గుర్తుపెట్టుకున్న అభ్యర్థికి మార్కు వస్తుంది. ఆ సంచిక ఏ వాక్యానికి జవాబు, ఆ జవాబు సరిపోయిందా, కవుల సంఖ్య కవిత్వ విలువకు రుజువు కాగలదా అని అడిగినవాడికి గడియ వృథా. ఒక మహాఖండన నాలుగు ఐచ్ఛికాల మధ్య అంకెగా మిగిలింది.

అధ్యాపకుల నియామకంలోనూ ఇదే. జాతీయ అర్హత పరీక్షలో వ్యాసరూప ప్రశ్నలున్న మూడవ పత్రాన్ని 2012 జూన్ నుంచి బహుళైచ్ఛికంగా మార్చారు. నాటి నుంచి తెలుగులో ఒక్క వాక్యం రాయకుండా తెలుగు అధ్యాపక అర్హత పొందవచ్చు. 2024లో ఆ పరీక్ష మార్కులే పరిశోధక ప్రవేశానికీ ప్రాతిపదిక అయ్యాయి. దీని మీద తెలుగు శాఖలు సంఘటితంగా అభ్యంతరం చెప్పిన సందర్భం లేదు. ఫోను మీద మాత్రం చెప్పాయి.

లక్షల మందికి వ్యాసరూప పరీక్ష నిష్పాక్షికంగా దిద్దడం అసాధ్యం, బిట్టులో పక్షపాతానికి చోటు లేదు, కింది కులాల అభ్యర్థికి అది రక్షణ అన్నది ఈ వాదానికి పూర్వపక్షం. దీనిలో బలముంది. మౌఖిక పరీక్షల్లో, చేతిరాత జవాబుల్లో పేరు, ఊరు, గురువు చూసి మార్కులు వేసిన చరిత్ర తెలుగు శాఖలకు ఉంది. కాని ఆ దోషం దిద్దేవారిది. పేరు కనిపించని సంకేత సంఖ్యలు, ఇద్దరు వేర్వేరు పరిశీలకులు, తేడా వస్తే మూడవవారు అన్న ఏర్పాటు సివిల్ సర్వీసుల స్థాయి వ్యాసపత్రాలను నేటికీ మోస్తున్న వ్యవస్థకు అసాధ్యం కాదు. పరిశీలకుల పక్షపాతానికి శిక్షగా అభ్యర్థుల వాక్యాన్ని రద్దు చేశారు.

పరిశోధన పత్రికల సంగతి చివరగా. 2010 నుంచి పదోన్నతికి పాయింట్లు లెక్కించారు. వ్యాసం చదవబడిందా లేదా అన్నది లెక్కలోకి రాలేదు, అచ్చయిందా లేదా అన్నదే వచ్చింది. దొంగ పత్రికలు పుట్టాయి. వాటిని ఆపడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం కేర్ జాబితా తెచ్చింది. 2025లో దానిని విరమించింది. జాబితా ఉన్నన్నాళ్లు పత్రిక విలువను చదివి తెలుసుకునే పని జాబితాకు అప్పగించారు. జాబితా పోయాక, ఏది మంచి పత్రిక అని అడుగుతూ తెలుగు ఆచార్యులు ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. వివేచన ఎవరిలో క్షీణించిందో ఈ ఒక్క ఘటన చెబుతుంది. 2018 నిబంధనలు 10 శాతం దాకా పోలికను ఉపేక్షిస్తాయి. ఆ యంత్రం వాక్యాల పోలికను పట్టుకుంటుంది గాని, ఎవరి మాటకూ జవాబు కాని వ్యాసాన్ని పట్టుకోలేదు. తెలుగు పరిశోధన వ్యాసాలలో పూర్వ పరిశోధకుల పేర్లు ఉంటాయి, వారితో పేచీ ఉండదు. పర్యవేక్షకుడి పుస్తకాన్ని ఖండించి ఆయన దగ్గరే పట్టా పొందిన పరిశోధకుణ్ణి వేళ్ల మీద లెక్కించాలంటే వేళ్లు మిగిలిపోతాయి.

మార్పు ఎక్కడ మొదలు కావచ్చునో చెప్పడం కష్టమేమీ కాదు. సిద్ధాంతగ్రంథంలో ఒక అధ్యాయం తన ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఉన్న బలమైన వాదానికే కేటాయించాలని శాఖలు నియమం పెట్టుకోవచ్చు. పరిశీలకుడి అభ్యంతరాన్ని, దానికి రచయిత సమాధానాన్ని వ్యాసం వెంట అచ్చువేయవచ్చు. పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని తెలుగు విద్యార్థులు సీడు పత్తి పొలాల మాటలను సేకరించి, సురవరం చేసినట్లు, నిఘంటువు ముందు పెట్టవచ్చు. ఎం.ఏ. ప్రశ్నపత్రంలో నవబ్రహ్మాలయాల స్థలపురాణం ఒక పుట, 713 నాటి శాసన సారాంశం ఒక పుట ఇచ్చి, రెండూ ఎక్కడ విభేదిస్తున్నాయో, ఎందుకో రాయమనవచ్చు. ఆ ప్రశ్నకు గైడు ఉండదు, కీ ఉండదు, దిద్దడానికి సమయం పడుతుంది. అటువంటి పత్రానికి పాఠ్యప్రణాళికా సంఘం ఆమోదం కావాలి. ఆ సంఘాలలో కూర్చున్నది తెలుగు ఆచార్యులే.